లైబ్రరీ ఈబుక్‌కి క్యూ ఎందుకు, దాన్ని తప్పించుకునేదెలా: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లలో చాలామంది లైబ్రరీ ఈబుక్కులు అరువిచ్చే లిబ్బీ యాప్ తెరుస్తారు, కావలసిన నవల వెతుకుతారు, "16 వారాలు ఆగాలి" అని కనబడగానే మూసేస్తారు. ఆ క్యూ గురించి లైబ్రరీ కౌంటర్ దగ్గర తరచూ వినబడే మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని శుద్ధ తప్పులు.

అపోహ: ఈబుక్ అంటే ఒక ఫైలే కదా, ఎంతమందికైనా ఇవ్వొచ్చు. లైబ్రరీయే కావాలని క్యూ పెడుతోంది.

లైబ్రరీ కొనేది ఫైలు కాదు, లైసెన్సు. లిబ్బీలో కనిపించే పుస్తకాల్లో ఎక్కువ భాగం "ఒక కాపీ, ఒక పాఠకుడు" ఒప్పందం మీద వచ్చినవి. ఆరు లైసెన్సులుంటే ఒకేసారి ఆరుగురే చదవగలరు. ఏడో మనిషి ఆగాల్సిందే. ఆ లైసెన్సయినా శాశ్వతం కాదు. పెద్ద ప్రచురణ సంస్థల కొత్త నవలకు రెండేళ్ల లైసెన్సు 55 నుంచి 65 డాలర్ల దాకా పడుతుంది. అదే ఈబుక్ మనం కొనుక్కుంటే 15 డాలర్లు. హార్పర్‌కాలిన్స్ 2011లో ఇంకో లెక్క తెచ్చింది: 26 సార్లు అరువిచ్చాక లైసెన్సు చెల్లదు, మళ్లీ కొనుక్కోవాలి. 2019 నవంబరులో మాక్‌మిలన్ మరీ బిగించింది. కొత్త పుస్తకం వచ్చిన మొదటి 8 వారాలు, ఎంత పెద్ద లైబ్రరీకైనా ఒక్క కాపీయే అమ్ముతామంది. చాలా లైబ్రరీలు ఆ సంస్థ ఈబుక్కులు కొనడం మానేశాయి. 2020 మార్చిలో ఆ నిబంధన పోయింది. అందుకని క్యూ మీద కోపం వస్తే అది లైబ్రేరియన్ మీద చూపించకండి.

అపోహ: లైబ్రరీ యాప్‌లు అన్నీ ఒకటే. ఒకదాంట్లో క్యూ ఉంటే అన్నింట్లోనూ ఉంటుంది.

క్యూ లేకుండా చదవాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. హూప్లా అనే ఇంకో లైబ్రరీ యాప్ నడిచే పద్ధతి వేరు. అందులో లైబ్రరీ ముందుగా కాపీలు కొనిపెట్టుకోదు. మీరు 'బారో' నొక్కినప్పుడల్లా ఆ ఒక్క అరువుకి డబ్బు కడుతుంది. అందుకే ఒకే పుస్తకాన్ని ఒకే రోజు వందమంది తీసుకున్నా ఎవరూ ఆగక్కర్లేదు. ఈ మధ్య కొన్ని లైబ్రరీల్లో 'ఫ్లెక్స్' అనే విభాగం కూడా చేరింది. అది మాత్రం లిబ్బీలాగే ఒక కాపీ, ఒక పాఠకుడు. దానికి హోల్డ్ పెట్టాలి, అంటే క్యూలో పేరు నమోదు చేసుకోవాలి. పుస్తకం పేజీలో 'ఇన్‌స్టంట్' అని ఉందా, 'ఫ్లెక్స్' అని ఉందా చూసుకోండి.

హూప్లాలో క్యూ లేదు గానీ కోటా ఉంది. కార్డుకి నెలకి ఇన్ని అని లైబ్రరీ హద్దు పెడుతుంది. వాడుకోనివి వచ్చే నెలకి కలవవు. ఒకటో తారీఖున లెక్క మళ్లీ మొదలు. పొరపాటున తీసుకుని ఐదు నిమిషాల్లో తిరిగిచ్చేసినా ఆ అరువు ఖర్చయినట్టే, ఎందుకంటే లైబ్రరీ అప్పటికే డబ్బు కట్టేసింది. కాబట్టి ముందు పుస్తకం వివరాలు, శాంపిల్ ఉంటే అదీ చూసి, అప్పుడు నొక్కండి. ఈబుక్ 21 రోజులు ఉంటుంది, సినిమా 3 రోజులే.

ఇంకొకటి ఉంది. మీ కోటా మిగిలి ఉన్నా, "ఈ రోజుకి లైబ్రరీ పరిమితి అయిపోయింది, రేపు ప్రయత్నించండి" అని రావచ్చు. అది లైబ్రరీ రోజువారీ బడ్జెట్. అర్ధరాత్రి దాటాక మళ్లీ తెరుచుకుంటుంది. సాయంత్రం కుదరనివాళ్లు పొద్దున్నే ప్రయత్నిస్తే చాలావరకు దొరుకుతుంది. ఖర్చు భరించలేక హూప్లాను ఆపేసిన లైబ్రరీలూ ఉన్నాయి.

హూప్లాలో లోపాలు లేవని కాదు. ఈ వారం అందరి నోటా ఉన్న కొత్త నవల అందులో దొరకడం అరుదు. దాని బలమంతా కామిక్స్, ఆడియోబుక్స్, పాత పుస్తకాలు, చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు. ఏఐతో వండేసిన నాసిరకం పుస్తకాలు కూడా అందులోకి చొరబడ్డాయని 2025 మొదట్లో పెద్ద గొడవే అయింది. రచయిత పేరు, ప్రచురణకర్త పేరు చూడకుండా కోటా ఖర్చు పెట్టకండి. హూప్లా పుస్తకాలు మామూలు కిండిల్ రీడర్‌లో తెరుచుకోవు. ఫోను గానీ ట్యాబ్లెట్ గానీ కంప్యూటర్ గానీ కావాలి.

అపోహ: లిబ్బీ 16 వారాలు అంటే 16 వారాలే.

అది అంచనా మాత్రమే. లెక్క సులువు: క్యూలో 48 మంది, కాపీలు 6 అయితే ఒక్కో కాపీకి 8 మంది. అరువు 14 రోజులైతే 8 × 14, అంటే 112 రోజులు. ఇది ప్రతి ఒక్కరూ చివరి రోజు దాకా ఉంచుకుంటారనుకుని వేసిన లెక్క. కొందరు ముందే తిరిగిస్తారు, కొందరు మధ్యలో తప్పుకుంటారు. క్యూ ఒక హద్దు దాటితే చాలా లైబ్రరీలు ఇంకో కాపీ కొంటాయి కూడా. అంచనా వేసే ముందు మొత్తం క్యూ పొడవు కాదు, ఒక్కో కాపీకి ఎంతమంది ఉన్నారో చూడండి.

ఆ క్యూని పక్కన పెట్టే దారులూ లిబ్బీలోనే ఉన్నాయి. 'లక్కీ డే' లేదా 'స్కిప్ ద లైన్' పేరుతో కొన్ని లైబ్రరీలు బాగా గిరాకీ ఉన్న పుస్తకాల కాపీలు కొన్ని విడిగా ఉంచుతాయి. వాటికి హోల్డ్ ఉండదు, రెన్యువల్ ఉండదు, గడువు తరచుగా 7 లేదా 14 రోజులే. ఎవరు ముందు చూస్తే వాళ్లదే. ఆడియోబుక్కుకి లైసెన్సు వేరు, కాబట్టి క్యూ కూడా వేరు. ఈబుక్‌కి నెలలు పట్టే పుస్తకం ఆడియోలో ఇప్పుడే దొరకొచ్చు. పత్రికలకైతే లిబ్బీలో అసలు క్యూయే లేదు.

అపోహ: ముందుగా హోల్డులు పెడితే అన్నీ ఒకేసారి వచ్చి మీద పడతాయి.

పడతాయి, వాయిదా వేయడం తెలియకపోతే. పుస్తకం వచ్చాక తీసుకోవడానికి 3 రోజుల గడువుంటుంది. అప్పటికి చదవలేమనుకుంటే 'డెలివర్ లేటర్' నొక్కి ఎన్ని రోజులు ఆగాలో ఎంచుకోండి. మీ వంతు పోదు. మీ వెనకవాళ్లకి ముందు ఇస్తారు, మీరు క్యూ మొదట్లోనే నిలబడి ఉంటారు. ఇంకా వంతు రాని హోల్డుకీ ఇది పెట్టొచ్చు, ఆగుతూనే ముందుకి జరుగుతారు. హోల్డులకి పరిమితి ఉంటుంది కాబట్టి, ఇప్పుడే దొరికే పుస్తకాలకి హోల్డు వృథా చేయకుండా ట్యాగ్ పెట్టుకోండి.

అపోహ: గడువు దాటాక కూడా చదువుకోవడానికి కిండిల్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచితే వెనక ఉన్నవాళ్లకి పుస్తకం అందదు.

గడువు తీరగానే లైసెన్సు తర్వాతివాళ్లకి వెళ్లిపోతుంది. మీ పరికరంలో ఫైలు ఉన్నా లేకపోయినా తేడా లేదు. లేట్ ఫీజూ ఉండదు.

అపోహ: మా ఊరి లైబ్రరీ కార్డు ఒక్కటే గతి.

లిబ్బీలో ఒకటికి మించి కార్డులు చేర్చుకోవచ్చు. ఒక లైబ్రరీలో 20 వారాల క్యూ ఉన్న పుస్తకం ఇంకోచోట ఖాళీగా ఉండొచ్చు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఆ రాష్ట్రంలో నివసించేవాళ్లకే కాదు, ఉద్యోగం చేసేవాళ్లకి, చదువుకునేవాళ్లకి, ఆస్తి పన్ను కట్టేవాళ్లకి కూడా కార్డు ఇస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు, న్యూయార్క్ మన్‌హట్టన్‌లో ఆఫీసు ఉన్నవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు. బోస్టన్ లైబ్రరీ మసాచుసెట్స్ వాసులందరికీ, లాస్ ఏంజెలెస్ లైబ్రరీ కాలిఫోర్నియా వాసులందరికీ కార్డు ఇస్తాయి. దొంగ అడ్రసులతో కార్డు తీసుకోవడం మాత్రం వద్దు. ఒక లైబ్రరీ ఈబుక్ బడ్జెట్ ఆ ప్రాంతంవాళ్ల పన్నుల సొమ్ము.

అపోహ: పుస్తకాలు స్కాన్ చేసి అరువిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్‌లో ఏ పుస్తకమైనా క్యూ లేకుండా దొరుకుతుంది.

2020 మార్చి నుంచి జూన్ దాకా, కోవిడ్ పేరు మీద, క్యూలు ఎత్తేసిన మాట నిజమే. ఆ జూన్‌లోనే నాలుగు ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. 2023 మార్చిలో తీర్పు ఆర్కైవ్‌కి వ్యతిరేకంగా వచ్చింది, 2024 సెప్టెంబరులో అప్పీలు కూడా ఓడింది. 5 లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితా నుంచి పోయాయి.

కాపీరైట్ తీరినవాటికి మాత్రం ఎక్కడా క్యూ లేదు. అమెరికాలో 1929లో అచ్చయినవి 2025 జనవరి 1న అందరివీ అయ్యాయి. వాటిని ఉచిత ఈబుక్కుల సైట్లయిన ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లోనో, అచ్చుతప్పులు దిద్ది అందంగా ఇచ్చే స్టాండర్డ్ ఈబుక్స్‌లోనో తీసుకోండి. లిబ్బీలో పాత క్లాసిక్‌కి హోల్డు పెట్టడం దండగ. తెలుగు పుస్తకాలు అమెరికా లైబ్రరీల ఈబుక్కుల్లో బహు తక్కువ. భారతదేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు, కాబట్టి గురజాడ, కందుకూరి రచనలకి ఆ అడ్డు లేదు. తెలుగు వికీసోర్స్ చూడండి.

ఇండియా ప్రయాణం ఉంటే ఒక జాగ్రత్త. లిబ్బీ అక్కడా పనిచేస్తుంది. హూప్లాకి దేశాల హద్దులున్నాయి, హైదరాబాద్‌లో దిగాక కొత్త అరువు దొరకదు. కావలసినవి బయల్దేరే ముందే తీసుకుని డౌన్‌లోడ్ చేసుకోండి.