పౌరసత్వ పరీక్షలో చరిత్ర ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

అమెరికా పౌరసత్వ పరీక్షకు సిద్ధమయ్యే మన పెద్దలకు వారాంతాల్లో చరిత్ర పాఠాలు చెబుతుంటాను. కొత్తగా చేరినవారిలో ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు: “వాళ్ల మతం గురించి అడుగుతారటగా, మనం హిందువులమని ఫెయిల్ చేస్తారేమోనండీ?” ఎవరో ఫోన్‌లో చెప్పిన ఈ మాటను నమ్మి, అన్ని అర్హతలూ ఉండి కూడా ఏళ్ల తరబడి దరఖాస్తు చేయనివారు నాకు తెలుసు.

అపోహ: చరిత్ర ప్రశ్నలు మన విశ్వాసాన్ని పరీక్షిస్తాయి.

వాస్తవం: అవి తెలిసిందా లేదా అనే చూస్తాయి, నమ్ముతున్నామా అని కాదు. తొలి వలసవాసులు అమెరికాకు రావడానికి ఒక కారణం చెప్పమనే ప్రశ్న జాబితాలో ఉంది. మతస్వేచ్ఛ అన్నా, ఆర్థిక అవకాశాలు అన్నా సరైన జవాబే. ఇంగ్లండులో చర్చికి రాజే అధిపతి కావడంతో, దాని నుంచి విడిపోయినవారిలో కొందరు మొదట హాలండులోని లైడెన్‌కు, తరువాత 1620లో మేఫ్లవర్ ఓడలో నేటి మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌కు చేరారు. ఇక్కడ నేను పాఠాన్ని కాస్త పొడిగిస్తాను, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. 1630 నుంచి మసాచుసెట్స్‌కు పెద్ద ఎత్తున వచ్చిన ప్యూరిటన్లు (ఇంగ్లండు చర్చిని సంస్కరించాలనుకున్న ప్రొటెస్టెంట్లు) తమకు కావాలనుకున్న స్వేచ్ఛను ఇతరులకు ఇవ్వలేదు. వారు వెళ్లగొట్టిన మతబోధకుడు రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్స్ పట్టణాన్ని స్థాపించాడు. 1659-61 మధ్య బోస్టన్‌లో క్వేకర్లు అనే మరో క్రైస్తవ శాఖకు చెందిన నలుగురిని ఉరితీశారు. ప్రభుత్వ పదవికి మతపరమైన అర్హత ఏదీ ఉండరాదని 1787 నాటి రాజ్యాంగంలోని ఆరవ అధికరణం, ఏ మతాన్నీ చట్టం ద్వారా నెలకొల్పరాదని 1791లో అమలులోకి వచ్చిన మొదటి సవరణ చెబుతున్నాయి. పౌరసత్వం పొందేటప్పుడు చేసే చివరి ప్రమాణంలో దేవుని ప్రస్తావన సైతం, మనస్సాక్షి అంగీకరించదని కోరితే, వదిలివేయవచ్చు.

మిగిలిన అపోహలకు ఇంత శ్రమ అక్కరలేదు. పరీక్ష తప్పినంత మాత్రాన గ్రీన్‌కార్డు పోదు. అదే దరఖాస్తుపై రెండో అవకాశం ఇస్తారు. చరిత్ర భాగం రాతపరీక్ష కాదు, అధికారి నోటితో అడుగుతారు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి 20 ప్రశ్నల్లో 12కు సరైన జవాబు చెప్పాలి. అంతకుముందు దరఖాస్తు చేసినవారికి 10లో 6. గ్రీన్‌కార్డుతో ఇరవై ఏళ్లు ఉన్న యాభై దాటినవారు, పదిహేనేళ్లు ఉన్న యాభై అయిదు దాటినవారు ఇంగ్లిషు పరీక్ష లేకుండా, దుభాషితో తెలుగులోనే చరిత్ర జవాబులు చెప్పవచ్చు.

అలా తెలుగులో పరీక్షకు వెళ్లిన ఒక పిన్నిగారికి ఆ వలసవాసుల ప్రశ్నే వచ్చిందట. “మతస్వేచ్ఛ కోసం” అని చెప్పి, ఊరుకోలేక, “వాళ్లకు మాత్రమేననుకోండి, పక్కవాళ్లకు ఇవ్వలేదు” అని కూడా అన్నారట. దుభాషి అదీ అనువదించగా, అధికారి నవ్వి తరువాతి ప్రశ్నకు వెళ్లారట.