తెల్ల గిత్త, నల్ల రాయి, మధ్యలో కెమెరా

కెమెరా సత్తా తేలాలంటే ప్రకాశం జిల్లాలో రెండు చాలు. ఒకటి ఒంగోలు గిత్త, రెండోది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్. బండలాగుడు పోటీలో మిట్టమధ్యాహ్నపు ఎండ గిత్త మూపురం మీద పడితే ఆ తెలుపు కళ్లకు గుచ్చుకుంటుంది. అదే గిత్తకు కళ్ల చుట్టూ, మూతి మీద చర్మం నల్లగా ఉంటుంది. ఆ నలుపులో కన్ను కనబడాలి. ఈ తెలుపులో మూపురం మీది వెంట్రుక, చర్మం ముడత కనబడాలి. రెండూ ఒకే ఫోటోలోకి రావాలంటే ఎంత ఖరీదైన కెమెరాకైనా పరీక్షే.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు తాను చూస్తున్నది గిత్తో రాయో తెలియదు. ఎదురుగా ఏమున్నా అది మొత్తం మీద నడిమి బూడిద రంగులో ఉంటుందని అనుకుని లెక్క వేస్తుంది. అందుకే ఫ్రేము నిండా తెల్ల గిత్త ఉంటే ఫోటోలో గిత్త మాసిపోయి వస్తుంది. క్వారీలో కోసిన నల్ల రాయి ఫ్రేము నిండా ఉంటే రాయి వెలిసిపోయి వస్తుంది. గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. చుట్టూ ఉన్న నలుపు నలుపుగా నిలిస్తేనే వాటికి అందం. కాబట్టి గిత్తకు ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచాలి, రాయికి తగ్గించాలి. స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడం, లేదా సగం కావడం. ఇంతవరకు రీలు కెమెరాకూ డిజిటల్‌కూ తేడా ఏమీ లేదు.

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఫోటోగ్రాఫర్లు నలుగురు కలిస్తే నికాన్ గొప్పా కేనన్ గొప్పా, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమా చిన్న సెన్సర్ ఉన్న క్రాపా, రీలు రోజుల రంగులు ఇప్పుడేవీ అని వాదన తెగదు. నా మటుకు నాకు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే అనిపిస్తుంది. వెలుతురు మరీ ఎక్కువైన చోట ఈ కెమెరా ఏం చేస్తుంది, మరీ తక్కువైన చోట ఏం చేస్తుంది? మిగతా తేడాల్లో చాలావరకు దీని వెనకే వస్తాయి.

రీలు సంగతి ముందు చూద్దాం. దాని మీద జెలటిన్ పొర ఉంటుంది. అందులో వెండి హాలైడ్ స్ఫటికాలు, ఒక్కొక్కటి మైక్రాన్‌కు (మిల్లీమీటరులో వెయ్యో వంతుకు) అటూఇటూగా, లెక్కలేనన్ని ఉంటాయి. కాంతి కణం, అంటే ఫోటాన్, స్ఫటికానికి తగిలితే ఒక ఎలక్ట్రాన్ విడిపోతుంది. అది ఒక వెండి అయాన్‌ను వెండి పరమాణువుగా మారుస్తుంది. ఇలా ఒకేచోట నాలుగైదు పరమాణువులు పోగైతే చాలు, ఆ స్ఫటికం వెలుతురు చూసినట్టే. ఈ దశలో కంటికి ఏమీ కనబడదు. రీలు కడిగేటప్పుడు డెవలపర్ అనే రసాయనం ఆ నాలుగు పరమాణువుల దగ్గర మొదలుపెట్టి స్ఫటికాన్ని మొత్తంగా వెండి చేసేస్తుంది. నాలుగు పరమాణువుల సంగతిని కోట్ల పరమాణువులుగా పెంచి చూపించే ఈ రసాయన క్రియ నాకు ఎప్పుడు తలుచుకున్నా అద్భుతంగానే ఉంటుంది. వెలుతురు చూడని స్ఫటికాలను హైపో అనే ఇంకో రసాయనం కరిగించి తీసేస్తుంది. హైపోకు ఈ గుణం ఉందని శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన 1839 నాటికి అది అక్కరకొచ్చింది.

ఇప్పుడు ఆ పొర మీద వెలుతురు పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? పెళ్లి భోజనాల పంక్తిలో మొదట వచ్చినవాళ్లకు ఎక్కడ చూసినా ఖాళీ విస్తరే. జనం పెరిగేకొద్దీ చోటు దొరకడం కష్టమవుతుంది, అయినా అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతూనే ఉంటాయి. రీలులోనూ అంతే. చాలా స్ఫటికాలు అప్పటికే వెలుతురు చూసేసి ఉంటాయి గనుక తర్వాత వచ్చే ఫోటాన్లలో చాలా భాగం వృథా. కొన్ని మాత్రం కొత్త స్ఫటికాలను పట్టుకుంటాయి. అందుకే నెగటివ్ ఒక్కసారిగా నిండిపోదు, నెమ్మదిగా, వంపు తిరుగుతూ నిండుతుంది. ఈ వంపును హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లో గీత గీసి చూపించారు. రెండు స్టాప్‌లు ఓవర్ అయినా, అంటే వెలుతురు అంత ఎక్కువ పడినా, కలర్ నెగటివ్‌లో గిత్త మూపురం మీది ముడత మిగిలి ఉండడానికి కారణం ఆ వంపే.

డిజిటల్ కెమెరాలో రీలు స్థానంలో ఉండే సెన్సర్ దారి వేరు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సెన్సర్‌కు రూపం ఇచ్చారు. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ కట్టిన తొలి డిజిటల్ కెమెరాలో చుక్కలు 100 అడ్డం, 100 నిలువు, అంతే. ఒక్క ఫోటోను క్యాసెట్ మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. అప్పటికీ ఇప్పటికీ మూలసూత్రం ఒకటే. సిలికాన్‌కు తగిలిన ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను విడిపిస్తే, పిక్సెల్, అంటే సెన్సర్‌లోని ఒక్కో గడి, దాన్ని దాచుకుంటుంది. వెలుతురు రెట్టింపైతే ఎలక్ట్రాన్లు కచ్చితంగా రెట్టింపు. వంపు లేదు, ఏటవాలుగా ఎక్కే సరళరేఖ. పిక్సెల్‌లో కొన్ని పదివేల ఎలక్ట్రాన్లు పడతాయి, ఆ పైన వచ్చినదానికి లెక్క లేదు. మూపురం మీద పిక్సెళ్లన్నీ అలా నిండిపోతే అక్కడ వెంట్రుకా ఉండదు, ముడతా ఉండదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు, ఎందుకంటే నమోదే కాలేదు.

ఇంకో చిక్కు ఉంది. సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు గళ్లుగా ఉంటాయి. కొడాక్‌కే చెందిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంట్ వచ్చిన ఏర్పాటు ఇది. సగం గళ్లు ఆకుపచ్చవి, పావు ఎరుపు, పావు నీలం. మూడూ ఒకేసారి నిండవు. పసుపు రాసిన పెళ్లికూతురి ముఖం మీద వీడియో లైటు దగ్గరగా పడితే ఎరుపు గళ్లు ముందు నిండిపోతాయి. మిగతావి ఇంకా ఎక్కుతూనే ఉంటాయి. దాంతో నుదుటి మీద, చెంప మీద అసలు రంగు పోయి పాలిపోయిన పసుపుపచ్చ మరక తేలుతుంది. రీలు రంగులు మెత్తగా ఉండేవని పెద్దవాళ్లు అంటారే, అందులో సగం నిజం ఈ నుదుటి మీదే కనిపిస్తుంది.

అందుకే రెండింటికీ పద్ధతి తలకిందులు. నెగటివ్ రీలుతో పనిచేసినవాళ్లలో చాలామంది 400 స్పీడు రీలును 200గా పెట్టుకుని, అంటే ఒక స్టాప్ వెలుతురు ఎక్కువ ఇచ్చి, తీసేవాళ్లు. నీడలో వివరం దక్కితే చాలు, తెలుపు సంగతి రీలు చూసుకుంటుంది. డిజిటల్‌లో ముందు తెలుపును కాపాడాలి, నీడను తర్వాత లేపుకోవచ్చు. సెన్సర్ నమోదు చేసినదాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైల్‌లో తీస్తే 14 బిట్ల కెమెరా నలుపు నుంచి తెలుపు దాకా ఒక్కో పిక్సెల్‌కు 16,384 మెట్లు ఇస్తుంది, జేపెగ్‌లో మిగిలేవి 256. నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చే స్లైడ్ రీలు వాడినవాళ్లకు మాత్రం డిజిటల్ క్రమశిక్షణ కొత్త కాదు. అది కూడా ఓవర్ అయితే క్షమించేది కాదు.

ఇక చీకటి వైపు. నేలపట్టు పక్షుల కేంద్రంలో తెల్లవారకముందే గూడబాతులు చెట్ల మీద కదలడం మొదలుపెడతాయి. అక్కడ రీలు నిలవలేదు. రీలు మీద పడిన ప్రతి 100 ఫోటాన్లలో పనికొచ్చేవి ఒకటో రెండో. ఫిల్టర్ దాటి వచ్చినవాటిలో సిలికాన్ సగానికి పైగా పట్టుకుంటుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు అందరికన్నా ముందే రీలును వదిలేయడానికి ఇదే కారణం.

అయినా గ్రెయిన్, అంటే ఫోటోలో కనిపించే గరుకు, తప్పదు, దానికి కెమెరా కంపెనీని తిట్టి లాభం లేదు. ఫోటాన్లు వరసగా రావు, ఎలా పడితే అలా వస్తాయి. ఒక పిక్సెల్‌కు సగటున 10,000 ఫోటాన్లు వస్తే హెచ్చుతగ్గు 100 దాకా, అంటే నూటికి ఒకటి. సగటున 100 మాత్రమే వస్తే హెచ్చుతగ్గు 10, అంటే నూటికి పది. వెలుతురు తగ్గేకొద్దీ ఫోటో గరుకుగా తేలడం వెలుతురు స్వభావమే.

ఫుల్ ఫ్రేమ్, క్రాప్ తగాదా కూడా ఇక్కడే తేలుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. క్రాప్ సుమారు 23.5, 15.6. వైశాల్యం రెండు రెట్లకు పైగా తేడా. ఒకే అపర్చర్ నంబరు (లెన్స్ తెరుపును చెప్పే ఎఫ్ నంబరు), ఒకే షట్టర్ వేగం, ఒకే దృశ్యం అయితే పెద్ద సెన్సర్ మీద అంతకంత ఎక్కువ వెలుతురు పడుతుంది, గ్రెయిన్ తగ్గుతుంది. పెళ్లి హాల్లో అది డబ్బు పెట్టదగ్గ తేడా.

పక్షుల దగ్గర లెక్క మారిపోతుంది. 100 మీటర్ల దూరంలో మీటరున్నర పొడవు గూడబాతు ఉందనుకోండి. 400 ఎంఎం లెన్స్ దాని బొమ్మను 6 మిల్లీమీటర్ల పొడవున వేస్తుంది. వెనక ఏ సెన్సర్ ఉన్నా ఆరంటే ఆరే. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో పిక్సెల్ వెడల్పు సుమారు 6 మైక్రాన్లు, కాబట్టి పక్షి మీద 1,000 పిక్సెళ్లు పడతాయి. అదే 24 మెగాపిక్సెల్ క్రాప్‌లో పిక్సెల్ సుమారు 4 మైక్రాన్లు, పక్షి మీద 1,500 పడతాయి. ఫుల్ ఫ్రేమ్‌లో మిగిలిన స్థలమంతా నీళ్లూ కొమ్మలే. ఆ పక్షి నుంచి ఎంత వెలుతురు లోపలికి వచ్చిందనేది సెన్సర్ చెప్పదు, ముందున్న అద్దం వెడల్పు చెబుతుంది. లెన్స్ ఎంఎంను ఎఫ్ నంబరుతో భాగిస్తే ఆ తెరుపు తెలుస్తుంది. 300 ఎంఎం, ఎఫ్ 4 లెన్స్‌కు అది 75 మిల్లీమీటర్లు. 400 ఎంఎం, ఎఫ్ 5.6కు 71. 600 ఎంఎం, ఎఫ్ 4కు 150. దాని ధర, బరువు అందుకే అంతంత. పక్షుల కోసం కొనేవాళ్లు బాడీ మీద కన్నా ఈ మిల్లీమీటర్ల మీద డబ్బు పెట్టాలని నా గట్టి నమ్మకం.

అయితే 150 మిల్లీమీటర్లు కూడా చేతులెత్తేసే చోటు ఒకటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. నీళ్లు తగ్గి బురద బయటపడిన రోజుల్లో పదిగంటలు దాటాక దూరంగా ఉన్న రాజహంసలను చూడండి, కాళ్లు వంకరలు పోతుంటాయి. వేడెక్కిన నేల మీది గాలి, దాని పైనున్న చల్లగాలి కలిసేచోట వెలుతురు రకరకాలుగా వంగుతుంది. లెన్స్ పెద్దదయ్యేకొద్దీ ఆ వంకర కూడా పెద్దదిగానే కనిపిస్తుంది. దీనికి విరుగుడు లెన్స్ కాదు, వేళ. సూర్యుడు పైకి రాకముందే వెళ్లాలి, లేదా పక్షులకు ఇబ్బంది లేనంతలో దూరం తగ్గించుకోవాలి.

శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్ లేచినప్పుడు ఆ మంట గీతను ఒకే ఫోటోలో పట్టడానికి షట్టర్‌ను నిమిషాల తరబడి తెరిచి ఉంచుతారు. మంట మాట అటుంచి, కింద నీళ్లలో మసక వెలుగు రీలు మీద లెక్క ప్రకారం పడదు. ఫోటాన్లు మరీ అరుదుగా వస్తే, రెండోది వచ్చేలోపు మొదటి దాని గుర్తు స్ఫటికంలో చెరిగిపోతుంది. అందుకే రీలుకు లెక్కకు మించి సమయం ఇవ్వాలి. సెన్సర్‌కు ఈ మతిమరుపు లేదు గానీ వేడి పడదు. వేడికే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు పుట్టుకొస్తాయి. సెన్సర్ 6 నుంచి 8 డిగ్రీలు వేడెక్కితే అవి దాదాపు రెట్టింపవుతాయి. నెల్లూరు వేసవి రాత్రి తీసిన లాంగ్ ఎక్స్‌పోజర్‌లో కనిపించే రంగు చుక్కల్లో చాలా భాగం నక్షత్రాలు కావు.

పాత లెన్స్‌లు ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మంచి సంగతి. నికాన్ పాత మౌంట్‌లో, అంటే లెన్స్ బిగించే ఏర్పాటులో, లెన్స్ అంచుకూ రీలుకూ మధ్య 46.5 మిల్లీమీటర్లు ఉండేది. లోపల అద్దం లేని ఇప్పటి నికాన్ మిర్రర్‌లెస్‌లో అది 16. మిగిలిన 30.5 మిల్లీమీటర్లను ఒక అడాప్టర్‌తో నింపితే ముప్ఫై నలభై ఏళ్ల కిందటి లెన్స్ కొత్త బాడీ మీద పనిచేస్తుంది. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే.

కాకపోతే ఆ లెన్స్‌కు ముందు టార్చి వేసి చూడండి. మన కోస్తా తేమలో బీరువాలో బట్టల మధ్య పెట్టిన లెన్స్ లోపల బూజు పడుతుంది. అద్దం మీద సన్నని దారాలు అల్లుకుంటాయి. ముదిరితే అది వదిలే ఆమ్లం కోటింగును తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. బిగుతైన మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడుకుంటే సరిపోతుంది. ఆ డబ్బాలోనే పాత నెగటివ్‌లు పెట్టొద్దు. అసిటేట్ రీలు పాడవడం మొదలైతే పుల్లటి వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆవిరి మూసిన డబ్బాలో నిలిచి పక్క నెగటివ్‌లను కూడా తొందరగా చెడగొడుతుంది. వాసన వచ్చినదాన్ని వెంటనే వేరు చేసి, ఇంకా చూడగలిగేలా ఉండగానే స్కాన్ చేయించుకోవాలి. తాతల కాలపు నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండిది కాబట్టి సరిగ్గా కడిగి ఉంటే చాలాకాలం నిలుస్తుంది. తర్వాతి కాలపు కలర్ ఆల్బములు ఎర్రబారుతున్నాయంటే వాటిలోని ఆకుపచ్చ కలిసిన నీలి రంగు (సయాన్) ముందుగా వెలిసిపోతోందన్నమాట. స్కానింగుకు ఇచ్చేటప్పుడు వాటిని ముందు పెట్టండి.