కొబ్బరికాయ లేచి నిలబడితే జల ఉన్నట్టేనా?

కోనసీమలో బోరు వెయ్యాలంటే ఇప్పటికీ చాలామంది ముందు జల చూసేవాళ్ళనే పిలుస్తారు. ఆయన ఒలిచిన కొబ్బరికాయని అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పుల్లేకుండా దొడ్డంతా నెమ్మదిగా తిరుగుతాడు, ఒకచోటికొచ్చేసరికి కాయ గభాల్న లేచి నిలబడుతుంది, ఇంకేముంది, అక్కడే పాయింట్. దగ్గరుండి చూస్తే ఒళ్ళు జలదరిస్తుందండీ, అబద్ధం ఎందుకు. మహిమ అని దణ్ణం పెట్టేవాళ్ళు కొందరు, మోసం అని కొట్టిపారేసేవాళ్ళు కొందరు. పరీక్ష పెట్టి చూద్దాం అనేవాళ్ళు మాత్రం రెండు వైపులా తక్కువే.

1853లో, అంటే ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తైన మరుసటేడు, ఇంగ్లండులో ఇలాంటి గొడవే నడుస్తోంది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే బల్ల దానంతటదే కదిలి తిరిగేది, ఆత్మలు తిప్పుతున్నాయని కొందరు, ఏదో కొత్త విద్యుత్తని కొందరు. అక్కడి శాస్త్రవేత్త మైకేల్ ఫారడే నవ్వేసి ఊరుకోలేదు. బల్ల మీద అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యమధ్యలో మెత్తటి జిగురు ముద్దలు పెట్టి, పై అట్ట మీద చేతులు ఆనించమన్నాడు. బల్ల దానంతటదే కదిలితే కింది అట్ట ముందు పోవాలి, పైది వెనకపడాలి. చూస్తే పై అట్టే ముందుకు జరిగింది, అంటే తోసింది చేతులే. తర్వాత చేతులు ఏ మాత్రం కదిలినా కనపడేలా గడ్డిపుల్లతో ఒక ముల్లు అమర్చి, దాన్ని చూస్తూ కూర్చోమంటే బల్ల అసలు కదలడమే మానేసింది. కూర్చున్నవాళ్ళెవరూ దొంగలు కాదు, తోస్తున్నట్టు వాళ్ళకే తెలీదు. మనం ఒకటి జరగాలని ఎదురుచూస్తుంటే కండరాలు మనకి చెప్పకుండానే ఆ పని చేసేస్తాయి. అరచేతిలో పడుకున్న కాయకి బ్యాలెన్స్ అంతంతమాత్రమే కాబట్టి చెయ్యి కాస్త వాలితే చాలు.

ఇదే ఫారడే మహా భక్తుడు, సాండెమేనియన్లనే చిన్న క్రైస్తవ శాఖలో సంఘ పెద్దల్లో ఒకడిగా కూడా ఉన్నాడు. ఆదివారం ప్రార్థన, సోమవారం ప్రయోగం, రెంటికీ ఆయన దగ్గర పేచీ లేదు. మనవాళ్ళు మాత్రం తక్కువా, బోరు బండి రాగానే కొబ్బరికాయ కొట్టి పసుపు కుంకుమ పెడతారు, నాకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. కొబ్బరికాయ కొట్టడం వేరు, అదే కొబ్బరికాయ జల ఎక్కడుందో చెప్తుందనడం వేరు. రెండోది భూమి గురించి చెప్పే మాట, దాన్ని తవ్వి చూడొచ్చు.

అయితే మన డెల్టాలో తవ్వి చూస్తే జల చూసే ఆయన దాదాపు ఎప్పుడూ గెలుస్తాడు, చిక్కంతా అక్కడే. గోదావరి ఒండ్రు మీద బతుకుతున్నాం, ఎక్కడ దింపినా నీళ్ళు తగులుతాయి, ఇక కాయ ఎక్కడ లేస్తే ఏంటి. అంతర్వేది, కాట్రేనికోన వైపు అసలు ప్రశ్న నీళ్ళున్నాయా అని కాదు, తీపా ఉప్పా అని. ఒకప్పటి సముద్రపు ఒడ్డులే ఇప్పటి ఇసుక దిబ్బలు, వాటిలో ఇంకిన వాన నీరు కింద ఉన్న ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి పైన తేలుతూ ఉంటుంది, అతిగా తోడితే ఉప్పు పైకొచ్చేస్తుంది. ఇది కనిపెట్టడానికి రెసిస్టివిటీ సర్వే ఉంది, నాలుగు ఇనప కడ్డీలు వరసగా దిగ్గొట్టి, బయటి రెంటిలోంచి కరెంటు పంపి లోపలి రెంటి మధ్య వోల్టేజి చూస్తారు, ఉప్పునీరుంటే కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి రెసిస్టెన్స్ పడిపోతుంది.

జర్మనీవాళ్ళు జల చూసేవాళ్ళకి గట్టి పరీక్షలే పెట్టారు. 1990లో కాసెల్‌లో 50 సెంటీమీటర్ల లోతున పైపు పాతి, నీళ్ళు పారుతున్నాయో లేదో చెప్పమంటే 30 మందీ కలిపి బొమ్మా బొరుసా వేసినంతే కరెక్టుగా చెప్పారు. అంతకుముందు మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో 43 మందితో 843 సార్లు చేశారు, అందులో కొందరికి నిజంగానే శక్తి ఉందని చేసినవాళ్ళే రాశారు, తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త అవే లెక్కలు తిరగేసి అదంతా గాలివాటమే అన్నాడు. నాకు ఎన్‌రైట్ మాటే సబబుగా అనిపిస్తుంది.

అలాగని సైన్సోళ్ళు ఎప్పుడూ కరెక్టేనా అంటే కాదు. ఆకాశంలోంచి రాళ్ళు పడతాయంటే పల్లెటూరి పిచ్చి మాటలని పారిస్ పండితులు ఎగతాళి చేశారు, 1803లో లేగల్ అనే ఊళ్ళో వేలకొద్దీ రాళ్ళు పడితే బియో అనే శాస్త్రవేత్త స్వయంగా వెళ్ళి, ఊరూరా జనాన్ని అడిగి, రాళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో మ్యాపు గీసుకొచ్చాక ఒప్పుకున్నారు. కాయ విషయంలో కూడా ఎవరైనా కళ్ళకి గంతలు కట్టుకుని పదిసార్లు తిరిగి పదిసార్లూ అదే చోట ఆగితే నేను నోరుమూసుకుని రాసుకుంటాను.

కానీ నాకు ఇంకో పరీక్ష మీద మనసు. ముప్పై నలభై ఏళ్ళుగా ఇదే పని చేసిన పెద్దాయనకి ఏది దిబ్బో ఏది పల్లమో, పక్క దొడ్లో ఎన్ని అడుగులకి తీపి పడిందో నోటికొచ్చు. ఆయన కళ్ళకి గంతలు కట్టకుండా, చేతిలో కాయ మాత్రం తీసేసుకుని, పాయింట్ పెట్టండి బాబాయ్ అని అడగాలి. ఆ తర్వాత కడ్డీలతో సర్వే చేయించి, రెండూ ఎంతవరకు కలిశాయో చూడాలి.