పాత దస్తావేజు ఫైలు తెరిస్తే పిచ్చిగీతలెందుకు?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ రిజిస్ట్రార్ ఆఫీసు పక్క సందులోని డీటీపీ షాపుల్లో ఈ గొడవ మామూలే. పదిహేనేళ్ల కిందట టైపు చేసిన అమ్మకం దస్తావేజు పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉంటుంది. కొత్త కంప్యూటర్లో తెరిస్తే మాత్రం ఆస్తి షెడ్యూలు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. ఫైలు పాడైందనుకుని చాలామంది తీసిపారేస్తారు. నిజానికి ఫైలుకు ఏమీ కాలేదు. అందులో మొదటినుంచీ ఉన్నవి ఫాంటులోని బొమ్మల నంబర్లే. ఆ ఫాంటు ఈ కంప్యూటర్లో లేదు, అంతే.

దేశంలో అప్పటికి ప్రమాణం లేక వచ్చిన తిప్పలు కావివి. 1986లోనే కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ఖాయం చేసింది. కంప్యూటర్లో మన లిపులు చూపించడానికి ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన జిస్ట్ పరిశోధన, 1988లో పెట్టిన పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డ్యాక్ చేతికి వచ్చింది. విండోస్‌కు ముందునాటి డాస్ కంప్యూటర్లో జిస్ట్ కార్డు గుచ్చితే తెరమీద తెలుగు వచ్చేది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ అక్షరాలకు నంబర్లిచ్చే ఇస్కీ సంకేతాలను ఐఎస్ 13194 పేరుతో అచ్చువేసింది. బ్రాహ్మి నుంచి పుట్టిన మన దేశపు ప్రధాన లిపులకు ఒకే నంబర్లు ఇవ్వడం ఇస్కీలోని తెలివి. 'క' అంటే తెలుగులోనూ 179, హిందీలోనూ 179. ఏ లిపిలో చూపించాలో చెప్పడానికి వేరే ఒక గుర్తు ఉంటుంది.

అదే ఏడాది అక్టోబరులో, ప్రపంచ లిపులకు నంబర్లిచ్చే యూనికోడ్ తొలి వెర్షన్ వచ్చింది. అక్షరాల వరసను ఇస్కీ పాత రూపం, 1988 నాటిదాని నుంచే తీసుకున్నారు గానీ లిపికో ఇల్లు కట్టారు. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు, అంటే నంబర్లు. హిందీ 'క' 2325, తెలుగు 'క' 3093, తేడా 768. 'ఖ', 'గ' చూసినా తేడా అదే. పాత చుట్టరికం ఇంకా అలా కనిపిస్తూనే ఉంటుంది.

మరి షాపుల్లోకి ఇవి ఎందుకు రాలేదు? షాపుకు కావలసింది కాగితం మీద అందమైన అక్షరం. పని జరిగేది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో. దానికి తెలిసింది 256 గదుల ఫాంటు ఒక్కటే. ఒత్తును అక్షరం కింద కూర్చోబెట్టడం దానికి రాదు. అందుకని ఫాంటు తయారుచేసేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తలకట్టు, కొమ్ము, ఒత్తుల బొమ్మలు సర్దేశారు. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌లలో అనుది ఒక లెక్క, శ్రీలిపిది ఇంకో లెక్క. పెళ్లి పత్రిక చక్కగా అచ్చవుతుంటే లోపల ఏ నంబరుందని ఎవరడుగుతారు? వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.

'నెల్లూరు' అనే మాటనే తీసుకోండి. యూనికోడ్‌లో ఇది ఎనిమిది సంకేతాలు: న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. యూనికోడ్‌ను ఫైల్లో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఒక్కోదానికి మూడు చొప్పున 24 బైట్లు. వరస పలికే తీరుది. బొమ్మల ఫాంటులో వరస చేతి తీరుది: ముందు ల, దాని కొమ్ముదీర్ఘం, ఆ తర్వాత కింద ఒత్తు పడవచ్చు. అందుకే పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్ నంబరుకు నంబరు మారిస్తే చాలదు, వరస కూడా తిప్పాలి. అది సరిగా తిప్పకపోతే ఒత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది. పేర్ల జాబితాను అకారాదిగా పేర్చమన్నా ఇదే చిక్కు. కంప్యూటర్ అక్షరాలను చూడదు, బొమ్మ నంబర్లనే పేరుస్తుంది.

2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. అయితే కంట్రోల్ ప్యానెల్‌లో భాషల దగ్గర, సంక్లిష్ట లిపుల ఫైళ్లకు ఒక టిక్కు పెట్టాలి. పెడితే ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. సీడీ ఎవరి దగ్గరుంటుంది? టిక్కు లేని కంప్యూటర్లో ఒత్తులు కలవక విడివిడిగా పొల్లులు కనిపించేవి. యూనికోడ్ అంటే ఇంతేనన్న మాట అప్పుడు పడింది. పేజ్‌మేకర్ యూనికోడ్ చూడకుండానే ఏడో వెర్షన్‌తో ఆగిపోయింది. దాని చోట వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు సరిగా కూర్చున్నది 2012 నాటి సీఎస్6లో, అదీ అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే ఆప్షన్ ఎంచుకుంటేనే. పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటి ఉచిత ఫాంట్లు వచ్చేదాకా పత్రికలకు పనికొచ్చే యూనికోడ్ అక్షరాలూ తక్కువే. ప్రమాణం అచ్చయిన ఇరవై ఏళ్లకు గానీ షాపు బల్ల మీదికి రాలేదన్నమాట.

ఇక పాత ఫైలును బతికించే పని. ముందు కాపీ తీసుకుని కాపీ మీదే పనిచేయాలి. ఫైల్లో వాడిన ఫాంటు పేరు రాసుకోవాలి, ఎందుకంటే మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఏ ఫాంటో తెలియకపోతే వేరే లెక్కతో మార్చేస్తుంది. మొత్తం పేజీని ఒక్కసారి కాపీ కొట్టి మార్చకూడదు. మామూలు టెక్స్టులోకి రాగానే ఏ ముక్క ఇంగ్లీషు ఫాంటుదో, ఏది తెలుగుదో ఆనవాలు పోతుంది. పాన్ నంబరూ ఈమెయిలూ కూడా తెలుగు అక్షరాలైపోతాయి. తెలుగు ముక్కలను విడిగా మార్చి మళ్లీ అతికించాలి. పీడీఎఫ్ ఉంది కదా అనుకుంటే లాభం లేదు. ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి ప్రింటు బాగానే వస్తుంది, కాపీ చేస్తే మళ్లీ అవే పిచ్చిగీతలు.

మార్చాక 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలు వెతకండి. 'ట్' తర్వాత కనపడని విడదీత గుర్తు పడకపోతే 'సాఫ్ట్వేర్' అని వ ఒత్తు పడుతుంది. ఐత్వం కూడా చూడాలి: ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వానికి కింద గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకకపోవచ్చు.

షెడ్యూలు విషయంలో కంటిచూపును నమ్మొద్దు. పాత ప్రింటు పక్కన పెట్టుకుని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు తెరమీద చూసుకోవాలి: సర్వే నంబరులోని గీత, స్థలం అంకణాల లెక్కలోని చుక్క, హద్దుదారుల ఇంటిపేర్లు. బొమ్మల ఫాంట్లలో గీతకూ చుక్కకూ ఉన్న గదులు వేరే బొమ్మకు పోయి ఉండవచ్చు.