సీట్లు వదిలింది పెద్దలు, లెక్క తప్పింది గూడేనికి

2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పుతో రాజుకున్న గొడవ ఇంకా చల్లారలేదు. కులం పేరుతో తిట్టి కొట్టారని ఉమ్మడి గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టర్ పెట్టిన కేసు అది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆయనకు వర్తించదని కోర్టు తేల్చింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, క్రైస్తవం తీసుకుని ఏళ్ల తరబడి పాస్టర్‌గా ఉన్న మనిషిని ఎస్సీగా చూడలేమన్నది దాని సారం.

ఇలాంటిది ఏది జరిగినా ముందుగా మైకు పట్టుకునేది క్రైస్తవ సంఘాల అధ్యక్షులూ కార్యదర్శులే. బిషప్పుల మాట అటుంచితే, గురుపట్టం లేని సామాన్య విశ్వాసులు నడిపే జిల్లా సంఘాలు, రాష్ట్ర సమాఖ్యలు మనకు తక్కువేమీ లేవు. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా తీసేయాలన్నది అందరి డిమాండూ. దానికి దళితులుండే గూడెంలో అంతే పాత ఎదురు ప్రశ్న ఒకటుంది: ఆ పేరా వచ్చిన రోజున మీ సంఘాలు ఏం చేస్తున్నాయి?

మిషనరీ క్లౌ దొర, ఒంగోలు బాప్తిస్మాలు, డోర్నకల్ చెట్టు కింద కూటాలు, మాలపల్లెల్లో మాదిగపల్లెల్లో గుడికన్నా ముందు వెలిసిన బడి - ఇవన్నీ తెలిసినవే. వాటిని వదిలేసి నేరుగా 1949 మే నెలకు వెళ్లాలి.

ఆ నెల 11న ఢిల్లీలో రాజ్యాంగ సభ సలహా సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు సర్దార్ పటేల్. షెడ్యూల్డ్ కులాలకు తప్ప మిగతా మైనారిటీలకు చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్ రద్దు చేయాలని తీర్మానం వచ్చింది. దాన్ని ప్రతిపాదించింది హిందూ నాయకుడు కాదు. బెంగాల్‌కు చెందిన క్రైస్తవుడు, ఇంగ్లీషు ప్రొఫెసర్, రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ. అఖిల భారత క్రైస్తవ సమాఖ్యకు నాయకుడిగా పనిచేసినవాడు. ఆ నెలాఖరులో సభ దాన్ని ఆమోదించింది. మద్రాసు నుంచి వచ్చిన జెస్విట్ గురువు జెరోమ్ డిసౌజా కూడా సమర్థించారు. క్రైస్తవులు తమంతట తామే సీట్లు వదులుకున్నారని దేశమంతా మెచ్చుకుంది.

మెచ్చుకోదగ్గదే. దేశ విభజన రక్తం ఇంకా ఆరలేదు. మతం పేరుతో సీటు అడిగితే అనుమానంగా చూసే రోజులు. పైగా ఆ పెద్దలు ఉత్త చేతులతో రాలేదు. 1945 అక్టోబరులోనే ప్రొటెస్టెంటు సమాఖ్యా, కాథలిక్ యూనియనూ ఉమ్మడి కమిటీగా కూర్చుని, తమకు ముఖ్యం మత స్వేచ్ఛ అని తేల్చుకున్నాయి. 1947 ఏప్రిల్‌లో మైనారిటీల ఉపసంఘంలో మద్రాసు కాథలిక్ ప్రముఖుడు ఎం. రత్నస్వామి మత ప్రచార హక్కు కోసం వాదించారు. ఈరోజు 25వ అధికరణంలో ప్రచారం అన్న మాట ఉందంటే ఆ ఉపసంఘం పట్టుబట్టడం వల్లే. సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు 30వ అధికరణంలో దక్కింది. సంఘ నాయకులు ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఇక్కడ ఆగుతారు. సగర్వంగానే ఆగుతారు.

గూడెం కథ ఇక్కడే మొదలవుతుంది. అదే నెలలో, అదే సలహా సంఘం ముందు సిక్కు నాయకులు ఏం చేశారో చూడండి. వాళ్లూ రిజర్వుడు సీట్లు వదులుకున్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు: మజహబీ, రామదాసీ, కబీర్‌పంథీ, సిక్లీగర్ - తమలోని ఈ నాలుగు కులాలను షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చాలి. పటేల్‌కు అది పెద్దగా నచ్చలేదు. మా మతంలో కులం లేదంటూనే ఇదేమిటన్నారు. అయినా ఒప్పుకున్నారు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక వేరే మతం పాటించే ఎవరినీ షెడ్యూల్డ్ కులస్తులుగా పరిగణించరాదని మూడో పేరా చెప్పింది. పంజాబులో ఆ నాలుగు సిక్కు కులాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1956లో ఆ మినహాయింపు సిక్కు దళితులందరికీ, 1990లో బౌద్ధులకూ వచ్చింది.

క్రైస్తవుల తరఫున అలాంటి షరతేదీ ఆ ఒప్పందంలోకి రాలేదు. సీట్లు పోయాయి, వాటి బదులు గూడేనికి ఏమీ రాలేదు. ఈ వివాదానికి అసలు మలుపు 1950 ఉత్తర్వు కాదనీ, దానికి పదిహేను నెలల ముందు జరిగిన ఈ ఒప్పందమనీ నేననేది అందుకే.

మరి అడగాలని వాళ్లకు ఎందుకు తోచలేదు? దానికి ఇంకో పద్దెనిమిదేళ్లు వెనక్కి పోవాలి. 1931, లండన్, రెండో రౌండ్ టేబుల్ సమావేశం. క్రైస్తవుల పేరిట ఇద్దరు వెళ్లారు. డాక్టర్ ఎస్.కె. దత్తా ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవాడు. అంతకు ముందు సమావేశానికి వెళ్లిన సేలం వాసి, వై.ఎం.సి.ఎ. నాయకుడు కె.టి. పాల్‌దీ అదే దారి. రెండో వ్యక్తి తంజావూరు ప్రాంతపు కాథలిక్, జస్టిస్ పార్టీ మనిషి ఎ.టి. పన్నీర్‌సెల్వం. ప్రత్యేక నియోజకవర్గాలు కోరే మైనారిటీల ఒప్పందంపై ఆయన సంతకం చేశాడు. ఆ కాగితం మీద నిమ్న వర్గాల తరఫున సంతకం పెట్టింది అంబేద్కర్. ఒకే కాగితం, రెండు సంతకాలు. రేపల్లె తాలూకాలో చర్చికి పోయే మాల కూలీ వీళ్లలో ఎవరి లెక్కలోకి వస్తాడు? ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

దానికి 1935 చట్టమే జవాబిచ్చింది. క్రైస్తవులకు ప్రత్యేక ఓటర్ల జాబితా, మద్రాసు శాసనసభలో 8 సీట్లు. షెడ్యూల్డ్ కులాలకు పూనా ఒప్పందం ప్రకారం 30 రిజర్వుడు సీట్లు. ఒక మనిషి రెండు జాబితాల్లో ఉండకూడదు కాబట్టి, ఇండియన్ క్రైస్తవులెవరినీ షెడ్యూల్డ్ కులస్తులుగా పరిగణించరాదని 1936 ఉత్తర్వు రాసింది. ఆ రోజున అది ప్రధానంగా ఓటర్ల జాబితా సర్దుబాటు. అటు సీటు ఉంది కాబట్టి ఇటు తీసేశారు. 1949లో అటు సీటు పోయింది. కాబట్టి ఇటు మళ్లీ చేర్చాలి కదా? చేర్చలేదు. కారణం చచ్చిపోయినా వాక్యం మాత్రం వేషం మార్చుకుని 1950 ఉత్తర్వులో కూర్చుంది.

ఈ చిన్న లెక్క ఆ పెద్దలకు తెలియక కాదు. వాళ్లలో లాయర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు. విషయమేమిటంటే వాళ్లను ఎన్నుకున్నవాళ్లలో కూలీ లేడు. 1888లో మద్రాసులో పుట్టిన నేటివ్ క్రిస్టియన్ అసోసియేషన్ లాంటి ప్రాంతీయ సంఘాలు కలిసి 1914లో అఖిల భారత సమాఖ్య అయ్యాయి. కాథలిక్ యూనియన్ 1919 నాటిది. సభ్యత్వం పట్నాల్లో చదువుకున్నవాళ్లది. శాసనసభ ఓటు కూడా ఆస్తో చదువో ఉన్నవాళ్లదే. ఆంధ్ర ప్రాంతంలో క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. వాళ్ల తరఫున మాట్లాడింది మద్రాసు, కలకత్తా, లాహోర్ మేధావులు. కులాన్ని దాటి వచ్చామని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. మేం ఫలానా కులం అని ప్రభుత్వం ముందు చెప్పుకోవడం వాళ్లకు విశ్వాసానికి ద్రోహంలా అనిపించి ఉంటుంది. దాటలేనివాళ్ల సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఏమైందో కోస్తా జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. బాప్తిస్మం పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు ఇంకొకటి. ఆదివారం ప్రభురాత్రి భోజనం, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందూ మాల సర్టిఫికెట్. దీన్ని మోసం అనేవాళ్లున్నారు, కోర్టులు కూడా ఆ మాట వాడాయి. అయితే ఊళ్లో దెబ్బ తగిలేటప్పుడు సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితుల్ని వేటాడి చంపినప్పుడు హతుల పేర్లలో బైబిలు పేర్లున్నాయి. దళితులపై అలాంటి దాడే జరిగిన కారంచేడులోనూ గూడెంలో చర్చి ఉంది.

రాష్ట్రం తన వంతుగా కొంత సర్దింది. 1970లో వెనుకబడిన తరగతుల జాబితా వేసినప్పుడు క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకూ వాళ్ల సంతానానికీ బీసీ-సి అనే ప్రత్యేక గ్రూపు, 1 శాతం కోటా పెట్టింది. 1977లో జీవో 341 చట్టం అవసరం లేకుండా ప్రభుత్వ ఉత్తర్వులతోనే ఇచ్చే రాయితీలను వాళ్లకూ వర్తింపజేసింది. చట్టసభ సీటు, అత్యాచారాల చట్టం మాత్రం రాష్ట్రం చేతిలోవి కావు. వాళ్లను ఎస్సీల్లో చేర్చాలని శాసనసభ తీర్మానాలు చేసింది: 2009 ఆగస్టులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉండగా ఒకసారి, 2023 మార్చిలో జగన్ ప్రభుత్వంలో ఇంకోసారి. రెండూ ఢిల్లీ దారి పట్టాయి.

ఢిల్లీలో కథ కమిషన్లది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తొలగించమంది. సభ్య కార్యదర్శి ఆశా దాస్ విభేదించారు. ఆ పేరాను సవాలు చేస్తూ 2004లో సుప్రీంకోర్టులో పడిన పిటిషన్ ఏళ్లకేళ్లు నలుగుతూ వచ్చింది. 2022లో కేంద్రం తన అఫిడవిట్‌లో క్రైస్తవ సమాజంలో అంటరానితనం లేదంటూ 1950 ఉత్తర్వును సమర్థించుకుంది. అదే ఏడు అక్టోబరులో ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది, ఆపై గడువు పొడిగించింది.

హిందూ దళిత సంఘాల్లో కొన్నింటికి అభ్యంతరం ఉంది, అది మతద్వేషం నుంచి వచ్చిందే కానక్కర్లేదు. ఉన్న 15 శాతంలోనే కొత్తవాళ్లు వచ్చి పడితే, మిషన్ స్కూళ్లలో ముందే చదువుకున్నవాళ్లు ముందుకు పోతారన్న భయం అది. దానికి సంఘ నాయకుల దగ్గర తయారుగా జవాబు లేదు. కోటా పెంచాలంటారు, అక్కడితో సరి.

సంఘాల లోపల కూడా మార్పు లేకపోలేదు. హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల అంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు, ఆ స్థానానికి వచ్చిన తొలి దళితుడు ఆయనే. ఏటా ఆగస్టు 10న దేశవ్యాప్తంగా చర్చిలు చీకటి దినం పాటిస్తున్నాయి. ఇవి పైనుంచి కిందికి వచ్చినవి. గ్రామ సంఘపెద్ద జిల్లా అధ్యక్షుడు కావడం, అతను ఢిల్లీ బల్ల ముందు కూర్చోవడం ఇంకా అరుదే.

అరుదు కావడానికి చట్టమే ఒక కారణం. 1985లో సూసై కేసు వచ్చింది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడికి తోటి హిందూ కార్మికులకు ఇచ్చినట్టు ప్రభుత్వం ఉచిత బంకు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఏమందంటే, మతం మారాక కూడా కొత్త సమాజంలో కులబాధ అంతే తీవ్రంగా ఉందని చూపాలి, ఆ రుజువు మా ముందు లేదు. ఆనాటి నుంచి ఏ కమిషన్ వచ్చినా అడిగేది ఆ రుజువే. అది చూపగలిగినవాడు గూడెంలో ఉన్నాడు. కాకపోతే కమిషన్ ముందుకు వచ్చి నేను క్రైస్తవుణ్ణి, నాకు ఈ అన్యాయం జరిగింది అని వాంగ్మూలం ఇస్తే, ఆ కాగితమే చాలు అతని పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ రద్దు చేయడానికి. పాస్టర్ కేసు తీర్పు తర్వాత ఆ భయం రెట్టింపైంది. కాబట్టి బాలకృష్ణన్ కమిషన్‌కు వినతిపత్రం పట్టుకుని వెళ్లేది మళ్లీ పోయేదేమీ లేని అధ్యక్షులే.