వసంతంలో కొండ మంచు ఎందుకు విరిగిపడుతుంది?

1910 మార్చి 1 తెల్లవారుజామున, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వెల్లింగ్టన్ అనే చిన్న రైల్వే ఊరి పైనున్న కొండవాలు మీది మంచు ఒక్కసారిగా ఊడివచ్చింది. రోజుల తరబడి కురిసిన మంచు వల్ల అక్కడే నిలిచిపోయిన రెండు రైళ్లను లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. ఆ దేశ చరిత్రలో ఇంతమందిని బలిగొన్న మంచు చరియ మరొకటి లేదు. ఆ రాత్రి చలి పెరగలేదు, తగ్గింది. మంచు కురవడం ఆగి ఉరుములు మెరుపులతో వాన మొదలైంది. చలికాలం పోతోందని ఊరటనిచ్చే వాతావరణమే ఆ వాలును కదిపింది.

కొండ మీది మంచు ఒకే ముద్ద కాదు. ప్రతి తుఫానూ ఒక పొర వేసి పోతుంది. వాటి మధ్య ఎక్కడో పంచదారలా పొడిపొడిగా, ఒకదానికొకటి అతుక్కోని రేణువుల పొర ఉండిపోతుంది. దాని మీద గాలి అదిమిపెట్టిన మంచు పలకలా గట్టిపడుతుంది. మనిషి బరువుకు ఆ బలహీన పొర ఒకచోట కుంగితే చాలు, పగులు క్షణాల్లో వాలంతా పాకి పలక మొత్తం జారిపోతుంది. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో సుమారు 90 శాతం సార్లు చరియను కదిపింది బాధితుడో, అతని బృందంలోని వాళ్లో. వినడానికి భయంగానే ఉంటుంది గానీ నాకు ఇందులో ఆశ కూడా కనిపిస్తుంది. మన అడుగే కారణమైనప్పుడు, దాన్ని ఎక్కడ వేయాలో తేల్చుకునేదీ మనమే.

వసంతపు తుఫానులో చలికాలపు ప్రమాదం, ఎండాకాలపు ప్రమాదం కలిసి వస్తాయి. ఎండకు కరిగి మళ్లీ గడ్డకట్టిన నున్నటి పెచ్చు మీద కొత్త మంచు పడుతుంది. గాలి శిఖరానికి ఇటువైపు మంచును ఎత్తుకెళ్లి అటువైపు పోస్తుంది. ఆకాశం నుంచి పడే దానికంటే పది రెట్ల వేగంతో అక్కడ మంచు పేరుకోగలదు. తుఫాను చలిగా మొదలై వెచ్చగా ముగిస్తే మరీ ప్రమాదం. తేలికపాటి మంచు కింద, బరువైన తడి మంచు పైన చేరుతుంది. మర్నాడు మబ్బు విడుతుంది, కొండ మెరిసిపోతుంది, కాళ్లు ఆగవు. అదే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన పూట. వసంతపు ఎండ కొత్త మంచును గంటల్లోనే తడిపి వదులు చేస్తుంది. కరిగిన నీరు లోపలికి ఇంకి రేణువుల మధ్య పట్టు తెగ్గొడుతుంది.

రాత్రి ఎలా గడిచిందన్నది అందుకే ముఖ్యం. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసి గట్టిపడుతుంది. మబ్బులు కమ్మితే ఆ వేడి పోదు, తెల్లవారేసరికి మంచు మెత్తగానే ఉంటుంది. వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా, బూటు చీలమండ దాటి దిగబడుతున్నా ఆ రోజుకు వెనక్కి తిరగాల్సిందే. గట్టిపడిన రోజున కూడా చీకటితోనే బయల్దేరి, ఎండ మంచును మెత్తబరచక ముందే కిందికి దిగిపోవాలి. తూర్పు వాలు ముందు వదులవుతుంది, పడమటి వాలు మధ్యాహ్నానికి.

అయితే ప్రమాదం తడిసిన మంచుతో ఒక్కటే కాదు. 2013 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లవ్‌లాండ్ పాస్ అనే కనుమ దగ్గర, షీప్ క్రీక్ అనే చోట ఆరుగురు నడుస్తున్నారు. మంచు చరియల ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు వరకు సూచించే కొలమానంలో ఆనాటి స్థాయి మూడు. వాళ్లు అనుభవం లేనివాళ్లు కాదు, పరికరాలూ ఉన్నాయి. వసంతపు తుఫానుల బరువు అప్పటికే నేలకు దగ్గరలోని పాత బలహీన పొర మీద పడి ఉంది. వాళ్లు ఏటవాలు అడుగున వెళ్తుంటే పైన ఉన్నదంతా కూలింది. ఐదుగురు చనిపోయారు, ఆరో వ్యక్తి గంటల తరబడి మంచులో కూరుకుపోయి బతికి బయటపడ్డాడు. వాలు కింద ఉన్నా వాలు మీద ఉన్నట్టే. కాళ్ల కింద ధబ్‌మని శబ్దం వచ్చినా, మంచులో పగుళ్లు పరుగెత్తినా ఆ కొండ లోపలి సంగతి చెప్పేసినట్టే.

వాతావరణం గంటగంటకూ మారుతుంది, వాలు మారదు. పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే. కాబట్టి తుఫాను రోజుల్లో 30 డిగ్రీల లోపు వాలునే ఎంచుకోవాలి, పైన అంతకన్నా నిటారుగా ఏమీ వేలాడకూడదు. కోణాన్ని చేతి పరికరంతో కొలవాలి, కంటి అంచనా తరచూ తప్పుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క నియమం సంచిలోని అన్ని పరికరాలకన్నా విలువైనది.

పరికరాలు వద్దని కాదు. ప్రతి ఒక్కరి దగ్గరా మంచు కింద ఉన్నవాళ్ల జాడ తెలిసేలా 457 కిలోహెర్ట్జ్ మీద రేడియో సంకేతాలు పంపే బీకన్, గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, పార ఉండాలి. మంచు కింద కూరుకుపోయినవాళ్లను పావుగంటలోపు తవ్వి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు. 35 నిమిషాలు దాటితే ముగ్గురో నలుగురో. చాలామందిని చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. బయటినుంచి సహాయ బృందం ఆ పావుగంటలో రావడం అరుదు. అనుమానమున్న వాలును దాటక తప్పకపోతే ఒక్కొక్కరుగా దాటాలి, మిగతావాళ్లు పక్కన, చరియ చేరలేని చోట నిలబడి కళ్లు తిప్పకుండా చూస్తుండాలి.