మిర్రర్ ఉంటే ఆర్కైవ్ ఉన్నట్టేనా?

టేపుల మీద బ్యాకప్ తీసుకోవడం పిరికివాళ్ల పని, ముఖ్యమైనవి ఎఫ్‌టీపీలో (ఫైళ్లు పంచుకునే ఇంటర్నెట్ సర్వర్లలో) పెట్టేస్తే లోకమే మిర్రర్ చేసుకుంటుంది, అంటే నకలు తీసి పెట్టుకుంటుంది అని 1996లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చమత్కరించాడు. అప్పట్లో నిజంగానే అలా సాగేది. లినక్స్, గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల టార్ ఫైళ్లను (ఒకే మూటగా కట్టిన ఫైళ్లను) దేశదేశాల యూనివర్సిటీ సర్వర్లు తెచ్చి పెట్టుకునేవి. డౌన్‌లోడ్ దగ్గర్లో దొరకాలన్నది అసలు ఉద్దేశం. భద్రత అదనపు లాభంగా వచ్చిందనుకున్నారు.

కానీ మిర్రర్ పని మూలం ఎలా ఉంటే అలా ఉండటమే. మూలంతో సరిపోల్చి ఫైళ్లను నకలు చేసే ఆర్‌సింక్‌ను డిలీట్ ఆప్షన్‌తో క్రాన్‌లో (నిర్ణీత వేళకు పనులు నడిపే ఏర్పాటులో) పెడితే, మూలంలో పొరపాటున చెరిగిన డైరెక్టరీ తర్వాతి సింక్‌లో ఇక్కడా చెరిగిపోతుంది. ఎన్ని మిర్రర్లు ఉన్నా తప్పు ఒక్కటే, అన్నిచోట్లా అదే.

2013 మార్చి 22న లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ ప్రాజెక్టుకు ఇది అనుభవమైంది. సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం సర్వర్ ఆపి మళ్లీ లేపితే, గిట్ (కోడు మార్పుల చరిత్రను దాచే సాధనం) రిపాజిటరీలు, అంటే ఒక్కో ప్రాజెక్టు కోడూ చరిత్రా ఉండే భాండాగారాలు, ఉన్న వర్చువల్ మెషీన్‌లో ఫైల్ సిస్టమ్ పాడైపోయి ఉంది. సుమారు 1500 రిపాజిటరీలు. వేర్వేరు చోట్ల మిర్రర్లున్నాయి కదా అని చూస్తే, అవి పాడైన మూలంతో అప్పటికే సింక్ అయిపోయాయి. రిపాజిటరీల జాబితా కూడా మూలం నుంచే వచ్చేది. అది చెడిపోవడంతో జాబితాలో లేనివాటిని మిర్రర్లు చెరిపేశాయి. ఒక్క సర్వర్‌లో మాత్రం మంచి కాపీ మిగిలింది, దాన్నుంచే అంతా తిరిగి కట్టుకున్నారు. దాన్ని అదృష్టం అనాలే తప్ప ఏర్పాటు అనలేం. పాడైన డేటాను గిట్ మిర్రర్ క్లోన్ (రిపాజిటరీ పూర్తి నకలు) తప్పకుండా పట్టుకుంటుందన్న నమ్మకం కూడా ఆ విచారణలోనే సడలింది.

గిట్‌లో ఇంకో మెలిక ఉంది. మిర్రర్ క్లోన్ ప్రతి అప్‌డేట్‌లో అన్ని రెఫ్‌లనూ (కమిట్లను, అంటే నమోదైన మార్పులను, చూపే బ్రాంచి, ట్యాగ్ పేర్లను) బలవంతంగా మూలానికి సరిపెడుతుంది. అవతలివాళ్లు ఫోర్స్ పుష్ చేస్తే, అంటే పాత చరిత్ర మీద కొత్తది బలవంతంగా రాస్తే, పాత కమిట్లకు ఇక్కడా దారి తెగిపోతుంది. ఇలాంటి బేర్ రిపాజిటరీలో (పని ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉన్నదానిలో) రెఫ్‌లాగ్ (రెఫ్‌లు మారిన చిట్టా) మామూలుగా ఉండదు కాబట్టి, దారి లేని ఆబ్జెక్టులను చెత్త ఏరివేత రెండు వారాల గడువు దాటాక తుడిచేస్తుంది. చరిత్ర కావాలనుకునేవాళ్లు ఆ గడువును 'నెవర్'గా, ట్రాన్స్‌ఫర్‌లో ఆబ్జెక్టులు సరిగా ఉన్నాయో చూసే ఎఫ్‌ఎస్‌సీకే తనిఖీని 'ట్రూ'గా పెట్టుకోవాలి. ఫెచ్‌లో (మూలం నుంచి మార్పులు తెచ్చుకునేటప్పుడు) ప్రూన్ వాడకూడదు, అది మూలంలో లేని రెఫ్‌లను ఇక్కడా తీసేస్తుంది. అప్పుడప్పుడు అన్ని రెఫ్‌లతో గిట్ బండిల్ (రిపాజిటరీ మొత్తం ఒకే ఫైలుగా) తీసి, తేదీ పేరులో పెట్టి, సింక్ చేరలేని డిస్కులో దాచాలి. ఆ బండిల్ నుంచి కొత్తగా క్లోన్ చేసి చూడనిదే బ్యాకప్ ఉందని అనుకోవద్దు. సబ్‌మాడ్యూళ్లను (లోపల వాడుకునే వేరే రిపాజిటరీలను) విడిగా తేవాలి. పెద్ద ఫైళ్లను విడిగా దాచే ఎల్‌ఎఫ్‌ఎస్ వాడే ప్రాజెక్టయితే క్లోన్‌తో వచ్చేవి చిన్న పాయింటర్ ఫైళ్లే. అసలు ఫైళ్లకు ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్‌ను 'ఆల్'తో నడపాలి.

డిస్కుల సంగతి అలా ఉండగా, రిపాజిటరీలకు ఆతిథ్యమిచ్చిన సంస్థలే తలుపులు మూయడం మొదలైంది. గిటోరియస్‌ను 2015లో గిట్‌ల్యాబ్ కొన్నాక మూసేశారు. గూగుల్ కోడ్ 2016 జనవరిలో, మైక్రోసాఫ్ట్ కోడ్‌ప్లెక్స్ 2017 డిసెంబర్‌లో ఆగిపోయాయి. 2020లో బిట్‌బకెట్ మెర్క్యూరియల్ (గిట్‌లాంటి మరో సాధనం) రిపాజిటరీలన్నిటినీ తీసేసింది. చెప్పకుండా చేసింది ఎవరూ లేరు, నెలల గడువిచ్చారు. కానీ నిర్వాహకుడు ఎప్పుడో వదిలేసిన ప్రాజెక్టుకు వచ్చిన నోటీసు ఎవరు చదువుతారు?

ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థ నుంచి రాబెర్టో డి కాస్మో, స్టెఫానో జాకిరోలి 2016లో సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే కోడు ఆర్కైవ్‌ను బయటపెట్టింది ఈ మూతల మధ్యలోనే. మరుసటి ఏడాది యునెస్కో తోడైంది. బిట్‌బకెట్ మూతకు ముందు అక్కడి మెర్క్యూరియల్ రిపాజిటరీలను పెద్ద ఎత్తున కాపాడుకున్నదీ ఈ ఆర్కైవే.

మిర్రర్ చేయలేనిది దీని నిర్మాణం చేస్తుంది. రిపాజిటరీని చూడటానికి వెళ్లిన ప్రతిసారీ అప్పటి బ్రాంచీల స్థితిని స్నాప్‌షాట్‌గా రాస్తుంది, పాతదాన్ని చెరపదు. మూలంలో ఫోర్స్ పుష్ జరిగితే ఇక్కడ కొత్త స్నాప్‌షాట్ ఒకటి చేరుతుంది, అంతే. ఒకే ఫైలు వేల ఫోర్కుల్లో (ఒక ప్రాజెక్టు నుంచి చీలిన నకళ్లలో) ఉన్నా హ్యాష్ (లోపలి సరుకు నుంచి లెక్కించిన వేలిముద్రలాంటి సంఖ్య) ఒకటే కాబట్టి ఒక్కసారే నిల్వ. గిట్ వాడే ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్‌కు 2017లో ఢీ పుట్టించి (వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వచ్చేలా చేసి) చూపారు. ఇక్కడ ఒక్కో ఫైలుకూ ఆ హ్యాష్‌తో పాటు ఎస్‌హెచ్‌ఏ-256, బ్లేక్2ఎస్ అనే వేరే హ్యాష్‌లు కూడా లెక్కిస్తారు. గుర్తింపు సంఖ్య ఫైలుకు, డైరెక్టరీకి, కమిట్‌కు, రిలీజ్‌కు, స్నాప్‌షాట్‌కు విడివిడిగా ఉంటుంది. ఈ పద్ధతి 2025లో ఐఎస్‌ఓ/ఐఈసీ 18670 ప్రమాణమైంది.

ఈ ఆర్కైవ్‌కూ మిర్రర్లున్నాయి, ఇటలీలోని ఈఎన్‌ఈఏ పరిశోధన సంస్థ నడిపేది వాటిలో ఒకటి. అయితే అవి డిస్కును డిస్కుకు దించుకోవు. కొత్తగా చేరిన ఆబ్జెక్టుల జర్నల్‌ను (చిట్టాను) వరసగా చదువుతూ తమ కాపీ కట్టుకుంటాయి. ఆబ్జెక్టు పేరే దాని హ్యాష్ కనుక పాడైనది వస్తే పేరుకూ లోపలి సరుకుకూ పొంతన కుదరదు.

మీకు కావాల్సిన ప్రాజెక్టు అందులో ఉందో లేదో రిపాజిటరీ చిరునామాతో వెతికి చూడొచ్చు. లేకపోతే 'సేవ్ కోడ్ నౌ' పేజీలో చిరునామా ఇస్తే చాలు, యజమానే ఇవ్వాలన్న నియమం లేదు. వచ్చేది కోడు, దాని చరిత్ర మాత్రమే. బగ్ రిపోర్టులు, ఇష్యూల్లోని చర్చలు దాని పరిధిలోకి రావు. ఒక మార్పు ఎందుకు చేశారన్నది చాలాసార్లు ఉండేది అక్కడే, కనుక వాటిని హోస్టింగ్ సైటు ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం అడిగి తెచ్చుకునే మార్గం) ద్వారా విడిగా దించుకుని బండిల్ పక్కనే పెట్టుకోవాలి.